పెట్టె తెరిచి ఉన్న గంట

"పదకొండూ పదయింది. పెట్టె పన్నెండూ పది దాకా తెరిచే ఉంటుంది. చర్చ ముగిసింది, ఇక మైకు దగ్గరికి ఎవరూ రాకండి. ఓటేసినవాళ్లు బీన్సు తినొచ్చు, వెయ్యనివాళ్లూ తినొచ్చు," అని ఊరి వార్షిక సభ నడిపే మోడరేటర్ ఆల్డెన్ ట్విచెల్ అనగానే బడి జిమ్ములో మడత కుర్చీలన్నీ ఒక్కసారి కీచుమన్నాయి. మూడొందల మంది దాకా లేచారు, బూట్ల కింద కరిగిన మంచు చప్పుడు చేసింది. ఒడెట్ పెల్కీ మాత్రం లేవలేదు. ఒళ్లో అవును, కాదు అని రెండు గళ్లున్న చీటీ ఉంది. ఆ చీటీ మీద ఏం గుర్తు పెట్టాలో ఆమెకి మూడు వారాలుగా తెలుసు, ఊరందరికీ తెలుసు, ఆమె శుక్రవారం శుక్రవారం కౌంటీ పత్రికలో రాసే 'కంచె లోపల' శీర్షిక చదివే ప్రతివాళ్లకీ తెలుసు. పద్నాలుగో అంశం: వాషింగ్టన్ ఉచితంగా ఇస్తానంటున్న ఇనుప బండిని, తూటా దూరని అద్దాలూ మనిషెత్తు చక్రాలూ ఉన్నదాన్ని, ఈ పదమూడొందల గడప ఊరి పోలీసులు పుచ్చుకోవచ్చా? అడిగింది పోలీసు చీఫ్ డ్వేన్ లాబ్రీ. ఒడెట్ అల్లుడు. గోడవార బాస్కెట్‌బాల్ బుట్ట కింద టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. వాడి పక్కనుంచి నడిచిపోతున్నవాళ్లు వాడి భుజం తట్టిపోతున్నారు, తట్టిన చేత్తోనే వెళ్లి కాదు అని గుర్తు పెట్టేవాళ్లు కూడా అందులో ఉండి ఉంటారు, ఊళ్లంటే అంతే, అందుకే ఆమెకి ఊళ్లంటే ఇష్టం, రాజధానులంటే కాదు.

"ఏమే, కాళ్లు మొద్దుబారాయా, లేక మనసు మార్చుకున్నావా?" పక్క కుర్చీలోంచి వెర్నా హోయ్ట్ అంది, అల్లుతున్న మేజోడు మీంచి కళ్లెత్తకుండా. నలభయ్యేళ్ల స్నేహం. ఊళ్లో ఆడవాళ్ల జుట్టు సగం ఆమె కత్తిరించిందే.

"వరస తగ్గాక వెళ్తాలే. మోకాలు నిలబడనివ్వదు."

"మోకాలూ నువ్వూ ఒక పార్టీలో ఎప్పుడున్నారు గనక."

వరస జిమ్ము తలుపుదాకా ఉంది. ఒడెట్ చూస్తూ కూచుంది. పాడి గొడ్లవాళ్లు, రంపం మిల్లువాళ్లు, బోస్టను నుంచి వచ్చి స్థిరపడ్డ కొత్త కాపురాలు, చంకన పిల్లల్ని పెట్టుకున్నవాళ్లు. వంటగది వైపు నుంచి పందిమాంసం ముక్కలేసి ఉడికించిన బీన్సు వాసన, మాపుల్ పాకం వాసన, తడిసిన ఉన్ని వాసన కలిసి వస్తున్నాయి. ఈ వాసనలో కూచుని ఓటెయ్యడం ఆమెకి అరవై ఎనిమిదో ఏట కూడా బావుంది. ఇక్కడ పన్ను వేసేవాడు ఎదురుగుండా కూచుంటాడు, వాడి మొహం మీద కాదనొచ్చు, కాదని మళ్లీ వాడి పక్కనే కూచుని ఆపిల్ పై తినొచ్చు. వాషింగ్టన్ మొహం ఎక్కడుంది? వాషింగ్టన్ ఉచితం అంటుంది. ఉచితం అనే మాట వినపడ్డప్పుడల్లా ఆమెకి నాన్న ఆర్మాండ్ దగ్గర ప్రభుత్వం ఉచితంగా లాక్కున్న కట్టెల లారీయే కళ్లముందుకొస్తుంది, ఆకుపచ్చ ఫోర్డు, ఎడమ తలుపు సొట్ట, వెనకాల కట్టెల పొట్టు. తమ్ముడు లూసియన్ పంతొమ్మిదేళ్ల వయసులో ఆ లారీలో గుప్పెడు గంజాయి ఆకు పెట్టుకుని దొరికాడు. వాణ్ణి నాలుగు నెలల్లో వదిలేశారు. లారీని వదల్లేదు. నాన్న మీద కేసు లేదు, నాన్న ఏ నేరమూ చెయ్యలేదని పోలీసులే ఒప్పుకున్నారు. కేసు లారీ మీద. కాగితం మీద అలాగే ఉంది, ప్రభుత్వం ఒక పక్క, లారీ ఒక పక్క, లారీ తప్పు చెయ్యలేదని లారీయే నిరూపించుకోవాలి. ఏం చెప్తుంది లారీ? నాన్న మూడుసార్లు కోర్టుకెళ్లి, మూడుసార్లూ ఉన్న ఒక్క కోటూ వేసుకెళ్లి, మూడోసారి వచ్చాక కోటు మేకుకి తగిలించి, ఇక ఆ మాటెత్తలేదు. కట్టెలు తోలడం మానేసి మిల్లులో కూలికి వెళ్లాడు. ఒడెట్ ఆ వారమే పత్రికకి ఉత్తరం రాసింది, వంటింటి బల్ల మీద, ఏడుస్తూ కాదు, బంగాళాదుంపలు ఉడుకుతుంటే వాటికేసి ఒక కన్నేసి. సంపాదకుడు అచ్చేసి, ఇంకోటి రాస్తావా అన్నాడు. ఇంకోటి, ఇంకోటి, అలా ముప్ఫై తొమ్మిదేళ్లు.

ఆ ముప్ఫై తొమ్మిదేళ్లలో ఎవరికి దగ్గరయింది, ఎవరికి దూరమైంది, తలుచుకుంటే నవ్వే వస్తుంది. ఇరాకు మీద యుద్ధమొద్దని రాసినప్పుడు జెండా కట్టుకున్న ఇళ్లవాళ్లు దుకాణంలో పలకరించడం మానేశారు, అవతలివాళ్లు కేకులు పట్టుకొచ్చారు. అంటురోగం రోజుల్లో వెర్నా కత్తెర దుకాణానికి తాళం వేయించినప్పుడు, పెద్ద దుకాణాలు తెరిచి ఉండగా ఒక ఆడమనిషి కుర్చీనీ అద్దాన్నీ ఎందుకు మూయించారని రాస్తే, కేకులు పట్టుకొచ్చినవాళ్లే తలుపు మీద తిట్టు అంటించి వెళ్లారు, జెండాలవాళ్లు మళ్లీ పలకరించారు. సుంకాల మీద రాస్తే ఒకళ్లకి కోపం, వారెంటు లేకుండా ఇళ్లల్లో దూరడం మీద రాస్తే ఇంకొకళ్లకి. ఒకసారి టీవీ నుంచి ఒక పిల్ల ఫోన్ చేసి, "మేడమ్, మీరు ఏ పక్కో చెప్తే ఏ కుర్చీలో కూచోబెట్టాలో చూసుకుంటాం," అంది. నాకు మా ఇంట్లో కుర్చీ ఉందమ్మా అని ఒడెట్ ఫోన్ పెట్టేసింది. ఆ మాటకి రసెల్ ఎంత నవ్వాడో. రసెల్ ఆమె భర్త, మిల్లు యూనియన్ మనిషి, పుట్టినప్పటి నుంచి డెమోక్రాటు. ముప్ఫై ఒక్క సంవత్సరాలు ప్రతి నవంబరులోనూ ఒకే కారులో వెళ్లి, ఎదురెదురు ఓట్లేసి, ఒకరి ఓటు ఒకరు కొట్టేసుకునేవాళ్లు. ఇంటి దగ్గరే ఉండిపోతే ఇద్దరికీ పెట్రోలు మిగిలేది కదా అని ఆమె అంటే, డోనట్లు ఎవరు కొంటారని అతను. వచ్చేప్పుడు కారాపి డోనట్లు కొనుక్కునేవాళ్లు, పంచదార కోటు మీద పడకుండా ముందుకి వంగి తినేవాడు, అద్దాలు ఆవిరి పట్టేవి. పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు ఆమె ఓటుని కొట్టేసేవాళ్లు లేరు, ఆ ఓటు ఒంటరిగా లెక్కకి వెళ్తుంది. అందులో గెలుపేమీ లేదు.

కాఫీ డబ్బా దగ్గర కొలెట్ ఉంది. కూతురు. పెద్ద కెటిలు లాంటి ఆ డబ్బా దగ్గర వరసలో వచ్చినవాళ్లకి కాగితపు కప్పులు అందిస్తోంది, అందరితో నవ్వుతోంది, ఇటు చూడ్డం లేదు. మూడు వారాలుగా ఫోన్ లేదు. ఆదివారం భోజనాలు లేవు. మొదటి వారం మనవరాలికి జలుబన్నారు, రెండో వారం ఏమీ అనలేదు. ఒడెట్ లేచింది. మోకాలు పట్టేసింది, కుర్చీ వీపు పట్టుకుని నిలబడి, చీటీ కోటు జేబులో పెట్టుకుని, కాఫీ దగ్గరికి నడిచింది. ఇరవై అడుగులు. కాఫీ ఆమెకి పడదు.

"నాకూ ఒకటియ్యవే."

కొలెట్ కప్పు నింపింది. "నువ్వు కాఫీ తాగవుగా అమ్మా."

"తాగను."

ఇద్దరి మధ్యా కప్పు ఆవిరి కక్కుతోంది. కొలెట్ గుడ్డతో బల్ల తుడిచింది, తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

"బండి వద్దని రాశావు, రాసుకో. మా పెళ్లయిన దగ్గర్నించీ అలాంటివి రాస్తూనే ఉన్నావు, మేం నీతో కూచుని తింటూనే ఉన్నాం. వద్దనడానికి నీకెన్ని కారణాలున్నాయో నాకూ తెలుసు. కానీ ఆయన భయపడ్డాడని ఎందుకు రాశావు?"

"భయపడని వాళ్లెవరే, తూటాలకి."

"అది కాదు నువ్వు రాసింది. ఆ రోజు రాష్ట్ర పోలీసుల దళాన్ని పిలవమని తన కింద పనిచేసే కుర్రాళ్లు మొత్తుకుంటున్నా ఆయన పిలవలేదు. వాళ్లొస్తే తలుపులు పగలగొట్టుకుని వెళ్తారు, వెండెల్ బతకడు. అందుకని కట్టెల పేర్పు వెనక మంచులో రెండు గంటలు పొట్ట మీద పడుకుని ఆ ముసలాయనతో కబుర్లు చెప్పాడు. నీకెవరు చెప్పారు భయపడి కూచున్నాడని? నువ్వు అడిగావా? ఎదురుగుండానే కూచుని భోంచేస్తావు, ఒక్కసారన్నా అడిగావా అమ్మా?"

అడగలేదు. కప్పు చేతిలో వేడిగా ఉంది, కింద పెట్టడం మర్చిపోయింది. పోయిన ఏడాది ఫిబ్రవరి, పట్టపగలు. వెండెల్ క్రాస్బీ భార్య పోయిన నెలకి మేడ మీది గదిలో తుపాకీ పట్టుకుని కూచుని, దారినపోయే ఉత్తరాల బండి మీద కాల్చాడు, తర్వాత వచ్చిన డ్వేన్ కారు మీద కాల్చాడు. కొలెట్ ఫోన్ చేస్తే ఒడెట్ పరిగెత్తుకెళ్లింది. కూతురి వంటింట్లో కూచుని, చెయ్యడానికి ఏమీ లేక, బంగాళాదుంపల సంచీ విప్పి తోలు తియ్యడం మొదలెట్టింది. ఒకటి, ఇంకోటి, సంచీ అంతా. ఎవరు తింటారని? గిన్నెలు చాలలేదు, నీళ్లు పోసి బకెట్లో వేసింది. దూరంగా టప్పుమన్నప్పుడల్లా కొలెట్ కళ్లు మూసుకునేది, ఒడెట్ కత్తి ఆగేది, మళ్లీ సాగేది. సాయంత్రం డ్వేన్ బట్టల నిండా మంచుతో వచ్చి, బకెట్ చూసి, "ఎన్ని రోజులు దాక్కోబోతున్నాం అత్తయ్యా?" అన్నాడు. అంతే. ఇంకేమీ చెప్పలేదు. వెండెల్ బయటికొచ్చాడు, ఆస్పత్రికి వెళ్లాడు, ఇప్పుడు చెల్లెలి దగ్గర ఉంటున్నాడు. ఆ రోజు ఆమె దేవుడికి దండం పెట్టుకుంది, చాలా ఏళ్ల తర్వాత. అదే చెయ్యి ఏడాది తిరిగేసరికి రాసింది: 'ఒక మనిషి గుండెలో దూరిన భయానికి ఊరంతా ఇనుప చొక్కా తొడుక్కోవాలా?'

ఎలా వచ్చిందో ఆమెకి గుర్తే. బుధవారం పొద్దున, కిటికీలో ఎండ పడుతుండగా, ఖర్చుల గురించీ డీజిలు గురించీ బరువు మోయలేని వంతెన గురించీ నాలుగు పేరాలు అతి పొడిగా రాసుకుంటూ వస్తుంటే, ఉన్నట్టుండి ఆ వాక్యం దానంతటదే వచ్చి కూచుంది. ఎంత తూకంగా వచ్చింది. ఒక మనిషి, ఊరంతా. గుండె, చొక్కా. పైకి చదివి చూసుకుంది, మళ్లీ చదువుకుంది, లేచి రొట్టె కాల్చుకుని తింటూ కూడా చదువుకుంది. నిజమా అని ఒక్కసారి అనుకోలేదు. బాగుంది అనుకుంది. లారీ తప్పు చెయ్యలేదని లారీయే నిరూపించుకోవాలని ఆ కోర్టులో ఎవడో బల్ల దగ్గర కూచుని రాశాడే, వాడికీ తన వాక్యం బాగానే ఉన్నట్టనిపించి ఉంటుంది. ఈ తలపు రాగానే ఆమె కప్పు బల్ల మీద పెట్టేసింది. ప్రభుత్వం మనిషిని చూడదు, కాగితాన్ని చూస్తుంది అని వందసార్లు రాసింది. తను చూసిందా? వారం వారం ఎదురుగా కూచుని ఉల్లిపాయ ముక్కలు ఏరి పక్కన పెట్టే ఆ మనిషిని? అలాగని బండి కావాలా? వద్దు. ఆ మాట దగ్గర మనసు ఒక్క అంగుళం జరగలేదు, అదే ఆమెకి వింతగానూ హాయిగానూ ఉంది. వెండెల్‌ని బయటికి తెచ్చింది ఇనుము కాదు, కట్టెల వెనక నుంచి వచ్చిన గొంతు. ఆ బండి ఉంటే ఆ గొంతు లోపల కూచుని ఉండేది. తన వాదన అంతా అక్కడే ఉంది, అల్లుడి ధైర్యంలోనే ఉంది, తను దాన్ని చూడకుండా పిరికితనమని రాసిపారేసింది.

గడియారం పదకొండూ నలభై. వరస పల్చబడింది, కానీ సగం మంది ముందు తిందామని బీన్సు దగ్గర చేరారు, వాళ్ల చీటీలింకా జేబుల్లోనే ఉన్నాయి. పెట్టె మూశాక చెప్తే తేలిక. అప్పుడు ఎవరూ నష్టపోరు. అప్పుడు చెప్తే అది చెప్పినట్టే కాదు.

గోడ దగ్గరికి నడిచింది. డ్వేన్ ఆమెని చూసి టోపీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"నువ్వు దళాన్ని పిలవలేదటగా. అది అందరి ముందూ చెప్పొచ్చా?"

"ఇప్పుడా? ఎందుకులెండి అత్తయ్యా. నాకు పది ఓట్లు ఎక్కువ పడతాయి."

"అందుకే ఇప్పుడు అడుగుతున్నా."

వాడు కాసేపు బూట్లకేసి చూసుకున్నాడు. మనవరాలు కూడా అబద్ధం ఆడాల్సొస్తే అలాగే చూస్తుంది, నిజం చెప్పాల్సొచ్చినా అలాగే చూస్తుంది. "చెప్పండి. కానీ భయపడ్డానండీ. మీరు రాసింది పూర్తిగా తప్పేం కాదు. చచ్చేంత భయమేసింది."

ఒడెట్ మైకు దగ్గరికి వెళ్లి నిలబడింది. ట్విచెల్ కళ్లజోడు ముక్కు మీదికి జార్చి చూశాడు.

"ఒడెట్, చర్చ ముగిసింది. నీకు తెలీదా?"

"చర్చ కాదు ఆల్డెన్. సవరణ. పత్రికలో తప్పు పడితే పత్రికలోనే దిద్దుతాం. ఈ తప్పు ఓటులోకొచ్చి పడింది, శుక్రవారం దాకా ఆగదు."

"నిబంధన ఒప్పుకోదు. సభ అనుమతి కావాలి."

వెనకాల బీన్సు పళ్లెంతో ఉన్న ఎవరో, "ఒడెట్ ప్రభుత్వాన్ని అనుమతి అడుగుతోందిరోయ్, ఈ రోజు కేలెండర్లో గుర్తు పెట్టుకోండి!" అని అరిచాడు. జిమ్మంతా గొల్లుమంది. ఆమెకీ నవ్వొచ్చింది. ట్విచెల్ ఎవరికైనా అభ్యంతరమా అన్నాడు. ఎవరూ చెయ్యెత్తలేదు.

ఏం చెప్పాలో సిద్ధం చేసుకోలేదు. మైకులో తన ఊపిరి తనకే వినపడింది. "చీఫ్ భయపడ్డాడని రాశాను," అంది. "భయపడ్డాడు. భయపడుతూనే రెండు గంటలు మంచులో పడుకున్నాడు. ఆ ఇంట్లో మనిషి బతికి బయటికి రావాలని రాష్ట్ర దళాన్ని పిలవలేదు. ఆ సంగతి నాకు తెలీదు. అడిగితే తెలిసేది, నేనడగలేదు. ఆ వాక్యం తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను. బండి మాత్రం ఇప్పటికీ వద్దు." అంతే. అలంకారం ఒక్కటీ లేదు, మాటల్లో తూకం లేదు. ముప్ఫై తొమ్మిదేళ్లలో అంత ముతకగా ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. చప్పట్లు కొట్టలేదు ఎవరూ, ఇక్కడ కొట్టరు. కుర్చీలు కొంచెం కదిలాయి. ఆమె అలాగే నేరుగా చెక్క పెట్టె దగ్గరికెళ్లి, గుడ్డ తెర వెనక పెన్సిలుతో కాదు అన్న గడిలో గట్టిగా గుర్తు పెట్టి, మడిచి, లోపల వేసింది. ఓటర్ల జాబితాలో పేరు కొట్టేసిన ఆడమనిషి ఆమె మొహంలోకి చూడకుండా, "థాంక్స్ ఒడెట్," అంది. పెట్టె దగ్గర్నుంచి వస్తుంటే, బీన్సు పళ్లేలు బల్లల మీద వదిలేసి జనం వరసలోకి వచ్చి నిలబడుతున్నారు. మిల్లు ముసలాళ్లు నలుగురు, ఇప్పటిదాకా గోడకానుకుని ఎటూ తేలనివాళ్లు, ముందు నిలబడ్డారు.

ఇప్పుడు భయమెయ్యాలి కదా అనుకుంది. వెయ్యలేదు. బీన్సు పళ్లెం తెచ్చుకుని వెర్నా పక్కన కూచుంది. ఆకలిగా ఉంది. మాపుల్ తియ్యదనం, మాంసం ఉప్పదనం నాలుక మీద కలుస్తుంటే, బయట గట్ల మీద బొట్టుబొట్టుగా మంచు కరిగే మార్చి ఎండ జిమ్ము పైకిటికీల్లోంచి పడి నేలమీద గీసిన ఆట గీతల్ని వెలిగిస్తుంటే, ఓడిపోతామేమో అని ఒక పక్క లెక్కలేస్తూనే ఆమె మనసు తేలిగ్గా ఉంది. రసెల్ ఉంటే అవును అని వేసేవాడు. ఖాయం. వేసి కన్నుకొట్టేవాడు. ఇవాళ ఎవరో ఒకరు తన ఓటుని కొట్టేశారు, తన నోటితోనే వాళ్లని పిలిచి మరీ కొట్టించుకుంది.

పన్నెండున్నరకి ట్విచెల్ కాగితం పట్టుకుని వచ్చాడు. "అవును, నూట నలభై తొమ్మిది. కాదు, నూట నలభై నాలుగు. పద్నాలుగో అంశం నెగ్గింది."

అల్లిక సూదులు ఆగాయి. "మూడు ఓట్లు అటూ ఇటూ అయితే నువ్వు గెలిచేదానివే," అంది వెర్నా. "ఆ మైకు దగ్గర నీ నోరు ఊరుకుని ఉంటే."

"ఊరుకోవాల్సింది మైకు దగ్గర కాదే. బుధవారం నాడు, మా ఇంట్లో."

"సరేలే. నేను కాదనే వేశా. నీ వాక్యం కోసం కాదు, ఆ బండి మా వీధి మలుపు తిరగదని."

ఎదురుగా కుర్చీ లాగిన చప్పుడయింది. కొలెట్. రెండు ఆపిల్ పై ముక్కలు తెచ్చింది, ఒకటి తల్లి ముందుకి జరిపింది, తన ముక్కలో చెంచా గుచ్చింది. వెనకే డ్వేన్ వచ్చి నిలబడ్డాడు, గెలిచిన మొహంలా లేదు, పొద్దుణ్ణించీ నిలబడి కాళ్లు నెప్పెట్టిన మనిషి మొహంలా ఉంది. ఒడెట్ పక్క కుర్చీ మీద కోటు తీసింది. వాడు కూచున్నాడు.

"శుక్రవారం ఏం రాస్తారు అత్తయ్యా?"

"ఆ బండికి డీజిలు ఎవరు పోస్తారు, వంతెన ఎవరు బాగుచేయిస్తారు, అది బయటికొచ్చినప్పుడల్లా ఎందుకొచ్చిందో ఊరికి చీఫ్ జవాబు చెప్పాలా వద్దా. మూడు వారాలకి సరిపడా ఉంది."

"చెప్పాలి. అది నేనే రాసిస్తాను కావాలంటే."

"నువ్వు రాయకు. నేనడుగుతాను, నువ్వు చెప్పు. ఈసారి అడిగే రాస్తాను."

కొలెట్ చెంచా కింద పెట్టింది. "రేపు భోజనానికి వస్తావా అమ్మా?"

"రానంటే? మీ ఆయన ఇనుప బండేసుకొచ్చి నన్ను ఎత్తుకుపోతాడా?"

డ్వేన్ మొదటిసారి నవ్వాడు, పై ముక్క నోట్లో ఉండగానే, చేయి అడ్డం పెట్టుకుని. "దానికింకా పద్దెనిమిది నెలలు పడుతుందటండీ. ఫారాలు వాషింగ్టన్ వెళ్లి రావాలి కదా."

ఒడెట్ ముందు ముక్కులోంచి నవ్వింది, తర్వాత గొంతులోంచి, తర్వాత బల్ల కదిలేలా. వెర్నా ఏమైందేమైందని అడుగుతోంది, కొలెట్ కళ్లు తుడుచుకుంటోంది, అవతల ట్విచెల్ సుత్తితో కొట్టి పదిహేనో అంశం, శ్మశానం కంచెకి రంగు, అంటున్నాడు. కంచెకి రంగు మీద ఆమెకి చాలా అభిప్రాయాలున్నాయి. ఈ పై ముక్క అయ్యాక లేచి చెప్తుంది.